పాట పక్కన పియానో

ఈ నెల నా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఐదు జాజ్ కచేరీల గురించే ఉన్నాయి. ఇన్నేళ్లలో ఇలా ఎప్పుడూ జరగలేదు. నేను నలభై ఏళ్లు వయొలిన్ పక్కవాద్యం వాయించినదాన్ని. అమెరికాలో పుట్టిన ఈ జాజ్ నేను పుట్టి పెరిగిన సంగీతం కాదు, యాభై దాటాక చెవికి పరిచయమైంది. కాబట్టి శాస్త్రం చెప్పబోను. వేదిక మీద పాడేవాళ్ల పక్కన కూర్చున్న మనిషికి ఏం వినిపిస్తుందో అది చెబుతాను.

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. మనవడి మొదటి పుట్టినరోజుకు వచ్చే నెల న్యూజెర్సీ వెళ్తున్నాను. "అమ్మా, నువ్వు పాటంటే ప్రాణం పెడతావు కదా" అని మా అమ్మాయి న్యూయార్క్‌లో ఒక జాజ్ క్లబ్బులో కచేరీకి టికెట్లు తీసి పెట్టింది. పాడేది ఒకావిడ, పియానో ఒకాయన, అంతే, ఇంకెవరూ ఉండరట. మంచి పేరున్నవాళ్లట. నాకు అన్నమయ్య, త్యాగయ్య తప్ప తెలియదు. ఇంగ్లీషు పాట అర్థం కాదు. క్లబ్బంటే తాగే చోటు కదా అని జంకు. వెళ్లి బొమ్మలా కూర్చుని రావాలా?
— ఒక గృహిణి, భవానీ నగర్, తిరుపతి

జవాబు: వెళ్లండమ్మా, తప్పకుండా వెళ్లండి. పాడేవారొకరు, పియానో ఒకటి అన్నారు చూడండి, మొదటిసారి వినడానికి అంతకంటే మంచి కచేరీ దొరకదు. డ్రమ్స్ లేవు, బాకాలు లేవు. ఇద్దరి మధ్య ఏం జరుగుతోందో దాచడానికి వీలుండదు.

ముందు మీ జంకు సంగతి. నేను కూడా మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడే, న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి రైలెక్కి న్యూయార్క్ వెళ్లి, విలేజ్ వాన్‌గార్డ్ అనే క్లబ్బులో విన్నాను. 1935 నుంచి నడుస్తున్న చోటది. భూమి కింద ఉంటుంది. నిట్టనిలువు మెట్లు దిగాలి, మోకాళ్ల నొప్పులుంటే అల్లుడి చేయి పట్టుకోండి. లోపల నూట పాతిక మంది కూడా పట్టరు. చిన్న చిన్న బల్లలు, ఒకరి మోచేయి ఒకరికి తగులుతుంది. తాగేవాళ్లు తాగుతారు, నిజమే. చాలా క్లబ్బుల్లో మనిషికి ఒక పానీయమైనా కొనాలన్న నియమం ఉంటుంది. అది సోడా అయినా, పండ్లరసమైనా సరిపోతుంది, ఎవరూ వింతగా చూడరు. భోజనం మాత్రం ఇంట్లో చేసి వెళ్లండి. పాట మొదలయ్యాక ఆ గదిలో ఉన్న నిశ్శబ్దం మన సభల్లో నేను చూసింది తక్కువ. నా పక్క బల్లమీద గ్లాసు కింద పెట్టిన ఆయన చప్పుడు రాకుండా వేలు అడ్డం పెట్టి దించాడు. ఆ వేలు నాకింకా కళ్లముందే ఉంది.

ఇక వినడం. వాళ్లు పాడేవాటిలో చాలా పాటలు అందరికీ తెలిసిన పాతవే. వాటిని స్టాండర్డ్స్ అంటారు. మనకు కృతి ఎలాగో వాళ్లకు అది అలాగ. ఒకే పాటను వందమంది పాడి ఉంటారు, ఈ రాత్రి ఈవిడ ఏం చేసిందన్నదే విషయం. అలాంటి పాటల్లో చాలావాటి కొలత 32 బార్లు, బారుకు నాలుగు దెబ్బలు, మొత్తం 128. మీకు ఆది తాళం వచ్చుగా? ఒడిలో చేయి పెట్టుకుని వేయండి. ఎనిమిదేసి లెక్కల పదహారు ఆవర్తనాలకు పాట ఒక చుట్టు తిరుగుతుంది. మొదటి నాలుగు ఆవర్తనాలు ఒక వరస. తరువాతి నాలుగూ అదే వరస, మాటలు వేరు. మూడో నాలుగు కొత్త దారి పడతాయి, మన చరణంలో పైస్థాయికి వెళ్లినప్పటి ఊపు అక్కడ వినిపిస్తుంది. చివరి నాలుగూ ఇల్లు చేరతాయి. ఎనిమిదో లెక్కకు చేయి తిప్పినప్పుడు ఎక్కడున్నామో తెలిసిపోతుంటే, భాష రాకపోయినా పాట మీది అయిపోతుంది. కొన్ని పాటలు పన్నెండు బార్లవి ఉంటాయి, వాటిని బ్లూస్ అంటారు. అవి ఆరు ఆవర్తనాలకే చుట్టు తిరుగుతాయి. వాళ్ల ఊపు మాత్రం మొదటి దెబ్బమీద ఉండదు. రెండు, నాలుగు మీద పడుతుంది. అందుకే మొదట్లో తాళం జారుతున్నట్టు అనిపిస్తుంది. జారడం లేదు, అలాగే ఉంచి వేయండి.

ఒక చుట్టు పాడాక గాయని ఆగుతుంది. పియానో ఆయన అదే 128 దెబ్బల మీద, అదే పాట ఎముకల మీద, అప్పటికప్పుడు కట్టి వాయిస్తాడు. మన మనోధర్మమే అది. ఆయన ముగించగానే జనం చప్పట్లు కొడతారు, పాట ఇంకా నడుస్తుండగానే. మీరూ కొట్టండి. తరువాత ఆవిడ మాటలు వదిలేసి ఊరికే అక్షరాలతో పరుగులు తీయవచ్చు. దాన్ని స్కాట్ అంటారు. మన స్వరకల్పనకు దగ్గరే, కాకపోతే స-రి-గ-మ పేర్లుండవు, నోటికొచ్చిన శబ్దాలే.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నది. అందరి కళ్లూ పాడేవాళ్ల మీదే ఉంటాయి. మీరు ఒక చుట్టంతా పియానో మీద చెవి పెట్టండి. వయొలిన్ అయితే గాయని పోయిన దారినే వెనకే నడిచి, పలుకును పట్టుకుంటుంది. పియానో అలా చేయలేదు. దానికి వేలితో నొక్కే 88 మెట్లు, ఒక్కోదానికి ఒకే స్థానం, స్వరాన్ని ఊపే గమకం లేదు. అందుకని వాళ్లు వేరే పని చేస్తారు. ఆవిడ ఊపిరి తీసుకునే సందు ఎక్కడ వస్తుందో ముందే తెలుసుకుని, ఆ సందులో రెండు మూడు స్వరాలు కలిపి ఒక చిన్న దన్ను పెడతారు. ఆవిడ దిగబోయే స్వరం కింద ఒక రంగు పరుస్తారు. ఆ రంగు మారితే అదే స్వరం ఒకసారి ఏడుపులా, ఒకసారి నవ్వులా వినిపిస్తుంది. పక్కవాద్యం పాటకు అర్థం మార్చగలదని నలభై ఏళ్లు వాయించిన నాకు ఆ రాత్రే తెలిసింది.

పాట తప్పినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. ఒకసారి మన జిల్లాలోనే శ్రీరామనవమి పందిట్లో నేను వాయిస్తున్నాను. గాయకురాలు పెద్దావిడ, చరణం ఎత్తుకోబోయి మాట మర్చిపోయారు. నావైపు చూడలేదు కానీ భుజం బిగుసుకోవడం నాకు కనిపించింది. అనుపల్లవి చివరి ముక్కను మళ్లీ అందుకుని, ఏదో సంగతి, అంటే అదే వరసకు ఇంకో మలుపు, మిగిలిపోయిందన్నట్టు వాయించాను. ఆవిడ దాన్ని పట్టుకుని మూడు సంగతులు పాడేలోపు మాట దొరికింది. పందిట్లో ఎవరికీ తెలియలేదు. తెరిపిన పడ్డాక నా చేయి వణికింది.

అదే మర్చిపోవడం 1960 ఫిబ్రవరి 13న బెర్లిన్‌లో వేలమంది ముందు అమెరికన్ జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్‌కు జరిగింది. 'మాక్ ద నైఫ్' పాడుతూ సాహిత్యం మర్చిపోయారు. ఆవిడ దాచలేదు. మర్చిపోయానన్న సంగతినే ఆ వరసలో, ఆ తాళంలో మాటలుగా కట్టి పాడుతూ పోయారు, మధ్యలో ఇంకో జాజ్ గాయకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు కూడా అనుకరించారు. రికార్డు అయింది, గ్రామీ వచ్చింది. ఎల్లాను అందరూ పొగుడుతారు, పొగడాలి కూడా. నేను మాత్రం ఆ రికార్డు పెట్టినప్పుడల్లా వెనకున్న పాల్ స్మిత్ పియానోనే వింటాను. నాలుగు వాద్యాలూ అంగుళం కదలకుండా నేల పట్టి ఉంచితేనే ఆవిడ గాల్లో అన్ని మొగ్గలు వేయగలిగింది.

వెళ్లే ముందు ఇంట్లో ఒక్కటి వినండి చాలు: గాయని సెసీల్ మెక్‌లోరిన్ సాల్వాంట్, పియానో సలివన్ ఫోర్ట్‌నర్ కలిసి చేసిన 2018 ఆల్బమ్ 'ద విండో'. అందులో కొంత నేను చెప్పిన విలేజ్ వాన్‌గార్డ్‌లోనే రికార్డయింది. ఒకరు లాగితే ఇంకొకరు వదులుతారు. తిరిగొచ్చాక నాకు రెండు ముక్కలు రాయండి.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ చదువుతున్నాను. చర్చిలో కీబోర్డు వాయిస్తాను, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాకు కూడా వెళ్తాను. యూట్యూబులో హెర్బీ హాన్‌కాక్‌ను, విజయ్ అయ్యర్‌ను చూస్తుంటాను. అలాంటి పెద్ద పియానిస్టులను ఎదురుగా వినాలని ఉంది. అమెరికా వెళ్లే స్తోమత లేదు. మా వైపు నుంచి ఎక్కడికి వెళ్లవచ్చు?
— ఒక విద్యార్థి, కుప్పం

జవాబు: నాయనా, మీ ఊరికి ఉన్న సదుపాయం తిరుపతిలో మాకు లేదు. కుప్పంలో రైలెక్కితే జోలార్‌పేట–బెంగళూరు లైన్లో నేరుగా వైట్‌ఫీల్డ్‌లో దిగవచ్చు. అక్కడ విండ్‌మిల్స్ అనే చోట జాజ్ కచేరీలు పెడుతుంటారు, బయటి దేశాల వాళ్లూ వస్తారు. టికెట్ ధర విద్యార్థికి భారమే. రెండు పెళ్లిళ్ల డబ్బు పక్కన పెట్టుకో. రాత్రి తిరుగు రైలు చూసుకున్నాకే టికెట్ కొను.

చెన్నైలో ఎగ్మూరు మ్యూజియం థియేటర్, నుంగంబాక్కం అలియాన్స్ ఫ్రాన్సేజ్ లాంటి చోట్ల అప్పుడప్పుడు జాజ్ ఉంటుంది. విదేశీ సాంస్కృతిక కేంద్రాలు పెట్టేవాటిలో కొన్నింటికి టికెట్టే ఉండదు. వాళ్ల ప్రకటనలు కచేరీకి కొద్ది వారాల ముందే వస్తాయి, కాబట్టి వారానికోసారి చూసే అలవాటు చేసుకో. పెద్ద పేర్లు కావాలంటే ముంబయి. నారిమన్ పాయింట్‌లో ఎన్‌సీపీఏ (జాతీయ ప్రదర్శన కళల కేంద్రం) వాళ్లు ఏటా నవంబరులో అంతర్జాతీయ జాజ్ ఉత్సవం చేస్తారు. రేణిగుంట మీదుగా ముంబయి రైళ్లున్నాయి. ఏప్రిల్ 30న అంతర్జాతీయ జాజ్ దినోత్సవం. యునెస్కో 2011లో ప్రకటించింది, 2012 నుంచి జరుగుతోంది, వెనక ఉండి నడిపించినవారిలో మీ హాన్‌కాక్ ముఖ్యులు. ఆ రోజు చుట్టుపక్కల పెద్ద నగరాల్లో ఏదో ఒక కచేరీ దొరుకుతుంది. హాన్‌కాక్ 1940లో పుట్టారు. ఆయన ఎక్కడైనా దగ్గరికి వస్తున్నారని తెలిస్తే మరుసటి ఏడాదికి వాయిదా వేయకు. నా మాట విను, అప్పు చేసైనా వెళ్లు.

విజయ్ అయ్యర్ పేరు రాశావు, నా ప్రాణం లేచొచ్చింది. తమిళ తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టిన ఆయన చిన్నప్పుడు పదిహేనేళ్లు నేర్చుకున్నది వయొలిన్. పియానో చాలావరకు సొంతంగా పట్టుబడిందే. తరువాత హార్వర్డ్‌లో ఆచార్యుడయ్యారు. గిటారు ప్రసన్న, మన హైదరాబాదు తబలా నితిన్ మిట్టా కలిసి 2011లో ఆయనతో చేసిన 'తీర్థ' ఆల్బమ్ విను. చర్చిలో నువ్వు పాట వెనక కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) పట్టుకునే పని చిన్నదని అనుకోకు. పాడేవాళ్ల ఊపిరి ఎక్కడ తెగుతుందో అక్కడే నేర్చుకుంటావు. ఈ ఆదివారం ఒక పని చెయ్యి. ఎప్పుడూ వాయించేదాంట్లో సగం స్వరాలు తీసేసి వాయించు. పాడేవాళ్లకు చోటు ఎక్కువైందో, భయం ఎక్కువైందో వాళ్లనే అడుగు.

ప్రశ్న: అమ్మా, తిరుపతిలో మహతి లాంటి మంచి ఆడిటోరియం ఉంది. సంగీత కళాశాల ఉంది. రోజూ ఎక్కడో ఒకచోట కచేరీ జరుగుతుంది. పేరుమోసిన పియానో విద్వాంసులను ఒక్కసారైనా మన దగ్గర వినే యోగం ఎందుకు లేదు? మన ప్రాంతానికి, ఆ సంగీతానికి అసలు సంబంధమే లేదా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: మాస్టారూ, మొదటి కారణం బరువు. పెద్ద వేదికలకు వాడే స్టెయిన్‌వే గ్రాండ్ పియానో పొడవు 274 సెంటీమీటర్లు, బరువు 480 కిలోల దాకా ఉంటుంది. వయొలిన్ నా ఒళ్లో కూర్చుని బస్సులో వస్తుంది, పియానిస్టుకు తన వాద్యం వెంట రాదు. ఏ ఊరికెళితే ఆ ఊళ్లో ఉన్నదాని ముందు కూర్చోవాలి. లారీలో తెచ్చినా, కదిలిన ప్రతిసారీ శ్రుతి చేయడానికి మనిషి కావాలి. రెండు వందలకు పైగా తీగలుంటాయి. మన ఎండకు, ఆ వెంటనే వేసే ఏసీకి లోపలి కొయ్య బిగుసుకుని వదులవుతుంది, శ్రుతి నిలవదు. సొంత పియానో, దాన్ని ఏడాది పొడవునా చూసుకునే మనిషి ఉన్న హాలుకే పెద్ద పియానిస్టులు వస్తారు. మనం ముందు అడగాల్సింది కళాకారులను కాదు, ఒక మంచి పియానోను.

అయినా పియానో బాగాలేకపోతే కచేరీయే లేదని కూడా అనలేం. 1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్‌లో అమెరికన్ పియానిస్టు కీత్ జారెట్ ఒక్కరే వాయించాలి. ఏర్పాటు చేసింది పద్దెనిమిదేళ్ల అమ్మాయి, వేరా బ్రాండెస్. ఆయన అడిగిన పియానోకు బదులు అభ్యాసానికి వాడే చిన్నది వేదిక మీద ఉంది. పైస్థాయి గరగరలాడుతోంది, మంద్రం పలచగా ఉంది, పెడల్స్ సరిగా పనిచేయడం లేదు. వాయించనని వెళ్లిపోబోతుంటే ఆ పిల్ల బతిమాలింది. రాత్రి పదకొండున్నరకు కూర్చున్నారు. పలకని చోట్లను వదిలేసి, పలికే మధ్యస్థాయిలోనే ఎడమచేత్తో ఒక వరసను తిప్పి తిప్పి, గంటకు పైగా ముందు రాసుకున్నదేమీ లేకుండా వాయించారు. ఆ కచేరీ రికార్డుగా వచ్చింది. ఒంటరి పియానో రికార్డుల్లో దానంతగా అమ్ముడుపోయింది ఇంకొకటి లేదు. జీవ పోయిన తీగతో, జారే బిరడాతో రాత్రంతా ఊరేగింపు ముందు వాయించినవాళ్లెవరికైనా ఆ కథ వింటే గొంతు పట్టేస్తుంది. 2018లో ఆయనకు రెండుసార్లు పక్షవాతం వచ్చింది, ఎడమచేయి తిరిగి రాలేదు.

సంబంధం లేదా అన్నారు. ఒకప్పుడు మన జిల్లాలోదే అయిన మదనపల్లెకు వెళ్లండి. 1919లో థియోసాఫికల్ కళాశాలలో టాగోర్ బస చేసినప్పుడు జనగణమనకు స్వరలిపి కూర్చిన మార్గరెట్ కజిన్స్ ఐర్లండ్‌లో సంగీతంలో పట్టా పుచ్చుకున్న మనిషి. పాశ్చాత్య స్వరలిపి ఈ మట్టిలో అంత పెద్ద పని చేసింది. జాజ్ మాటే కావాలంటే, 1958లో పియానిస్టు డేవ్ బ్రూబెక్ బృందం మన దేశం వచ్చినప్పుడు ఆయన డ్రమ్మర్ జో మోరెల్లో, ఎడమచేతి మృదంగ విద్వాంసులు పళని సుబ్రహ్మణ్య పిళ్లై కలిసి వాయించారు. బెంగళూరు రమామణి గారు, కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్ వాళ్లు శాక్సఫోన్ చార్లీ మరియానోతో చేసిన 'జ్యోతి' ఆల్బమ్ 1983లో వచ్చింది. మీ చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై గారి లెక్కల పాటకు చెవులప్పగించిన ఊరికి, డ్రమ్స్, పియానో నాలుగేసి బార్లు పంచుకుని ఒకరికొకరు బదులిచ్చుకోవడం కొత్తగా తోస్తుందా? మన తనిలో, అంటే తాళవాద్యాలే వాయించే భాగంలో, ఒకరి తరువాత ఒకరు లెక్క తగ్గించుకుంటూ కొరప్పు వేసినట్టే ఉంటుంది.

పెద్దలు మీరు అడిగితే కాదనరు. మీ రోటరీవాళ్లతోనో, పాత విద్యార్థులతోనో కలిసి, ముందుగా ఒక మంచి ఎలక్ట్రిక్ పియానో, ఒక బేస్, ఒక డ్రమ్ సెట్‌తో చెన్నై నుంచో బెంగళూరు నుంచో ఒక కుర్ర బృందాన్ని పిలవండి. పేరుమోసినవాళ్లే కానక్కరలేదు. రెండు వందల కుర్చీలు చాలు. నేను ముందు వరసలో ఉంటాను, పరిచయ వాక్యాలు చెప్పమంటే చెబుతాను.

ప్రశ్న: మా తమ్ముడు విదేశంలో ఉంటాడు. ఎల్లా ఫిట్జెరాల్డ్, నాట్ కింగ్ కోల్ బొమ్మలున్న పోస్టరు చూసి మాకు టికెట్లు కొన్నాడు. మీరు ఇదివరకు ఎల్లా చనిపోయారని రాసినట్టు గుర్తు. మోసపోయామా?
— ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: ఎల్లా 1996లో, కోల్ 1965లో పోయారు. మోసం కాకపోవచ్చు. వాళ్ల పాటలను వేరేవాళ్లు పాడే నివాళి కచేరీ అయ్యుంటుంది. పోస్టరులో చిన్న అక్షరాల్లో 'ట్రిబ్యూట్' అని ఉందేమో చూడమనండి. దాని కిందే అసలు పాడేవారి పేరు, పియానో, బేస్, డ్రమ్స్ ఎవరో ఉండాలి. ఆ పేర్లు ఎక్కడా లేకపోతే మాత్రం నాకు నచ్చదు. పక్కవాద్యాల పేర్లు వేయని కరపత్రం మీద నాకు ఎప్పుడూ గురి లేదు. ఉంటే ఆ పేర్లను వెతికి ఒక పాట వినండి, నచ్చితే హాయిగా వెళ్లండి. కోల్ అందరికీ గాయకుడిగానే తెలుసు కానీ, ఆయన మొదట గట్టి పియానిస్టు. పియానో, గిటారు, బేస్‌తో ట్రియో నడిపారు. నివాళిలో పాట ఒక్కటే ఉండి పియానో లేకపోతే సగం కోల్ లేనట్టే.

ప్రశ్న: పియానో కచేరీకి హాల్లో ఎటువైపు సీటు తీసుకోవాలి టీచర్?
— ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: వేదికకు ఎదురుగా కూర్చుంటే మీకు ఎడమవైపు. పియానో మెట్లు ఆ పక్కనే ఉంటాయి, రెండు చేతులూ కనిపిస్తాయి. కుడివైపు కూర్చుంటే పియానిస్టు ముఖమే కనిపిస్తుంది. మరీ మొదటి వరస వద్దు, వేదిక ఎత్తుకు చేతులు మరుగవుతాయి. నాలుగో వరసో, ఐదో వరసో అడగండి.